ఙ పలికే ఊరు

చిన్నప్పుడు పలక మీద క, ఖ, గ, ఘ దిద్దుతూ ‘ఙ’ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయేది. ఆ వంకరలు తిప్పడం కష్టం, తిప్పాక దానితో పనీ లేదు. ‘క’కి కలువ ఉంది, ‘గ’కి గడియారం ఉంది. ‘ఙ’కి ఏమీ లేదు. “ఇదెందుకమ్మా?” అని అడిగితే మా అమ్మ చేటలో బియ్యం ఏరుతూ, “వరసలో ఉంది కనక నేర్చుకోవాలి. ఇంట్లో పనిలేని పెద్దవాళ్ళు ఉండరూ? వాళ్ళనీ పలకరించాలిగా!” అనేది.

ఆ పనిలేని అక్షరానికి పని ఉన్న ఊరు నేను యాభయ్యో పడి దాటాక చూశాను.

మా తమ్ముడికి లేహ్ బదిలీ అయింది. పిల్లల చదువుల కోసం మా మరదలు హైదరాబాదులోనే ఉండిపోయింది. “నీ చేతి పప్పుచారు తిని ఎన్నాళ్ళయిందో అక్కా!” అని వాడు ఫోనులో అనేసరికి నా మనసు ఆగలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో రెండు నెలలు వెళ్ళి ఉండి వచ్చాను. లేహ్ సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉంది. మొదటి రెండు రోజులూ మెట్టు ఎక్కితే ఆయాసం. కుక్కరు లేకపోతే పప్పు ఉడకదు. ఎటు చూసినా చెట్టులేని కొండలు, మధ్యలో పచ్చటి బార్లీ చేలు, వాటి గట్ల మీద పాప్లార్ చెట్లు.

తమ్ముడు అద్దెకుండే ఇంటి యజమానురాలు డెబ్భై అయిదేళ్ళ పెద్దావిడ. అందరూ ఆవిడని ‘అబీ-లే’ అంటారు. అబీ అంటే అమ్మమ్మో, నాయనమ్మో. చివర ఉన్న ‘లే’ మన ‘గారు’ లాంటిది. అమ్మకి ఆమా-లే, నాన్నకి ఆబా-లే, అన్నకి ఆచో-లే, అక్కకి ఆచే-లే. వచ్చినా, వెళ్ళినా, కృతజ్ఞత చెప్పినా ఒకటే మాట, ‘జూ-లే’. గౌరవం అనేది మాట తోకలోనే ఉండే భాష కనక నాకు మొదటి రోజే నచ్చేసింది.

అబీ-లేకి హిందీ అంతంతమాత్రం. నాది కూడా గొప్పదేం కాదు. ఏడో తరగతి చదివే మనవరాలు మా ఇద్దరికీ దుబాసీ. మొదటి సాయంత్రం ఆవిడ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని “ఙ...” అంటూ ఏదో మొదలుపెట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. ముక్కుతోనూ గొంతుతోనూ కలిపి పలికిన అచ్చమైన ‘ఙ’! “ఏమిటన్నారు?” అని పిల్లని అడిగితే, “ఙ అంటే ‘నేను’ ఆంటీ-లే” అంది.

చూశారా! మనం అలంకారానికి అట్టేపెట్టుకున్న అక్షరం వాళ్ళకి ‘నేను’. అది లేకపోతే మనిషి తన మాట తను చెప్పుకోవడానికే వీల్లేదు. మనకి అంతగానూ పనికిరాని ‘ఞ’ అక్కడ చేప.

ఆ పిల్ల తన పుస్తకం తెచ్చి చూపించింది. క, ఖ, గ, ఙ. చ, ఛ, జ, ఞ. త, థ, ద, న. మన వరసే. మధ్యలో ఘ, ఝ, ధ లాంటివి లేవు, అంతే. అక్షరాలు మొత్తం 30. ఏడో శతాబ్దంలో టిబెట్టు రాజు సోఙ్‌చెన్ గంపో తన మంత్రి థోన్మి సంభోటని భారతదేశానికి పంపి లిపి నేర్పించి రప్పించుకున్నాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. మన తెలుగు లిపికీ దానికీ మూలం బ్రాహ్మి. అంటే ఎప్పుడో వేరుపడ్డ అన్నదమ్ముల పిల్లలన్నమాట. మనలాగే వాళ్ళూ అక్షరం కింద అక్షరం తగిలించి వత్తులు రాస్తారు. అది చూసి నాకు పొరుగూళ్ళో మా ఇంటిపేరు వినిపించినంత సంబరమైంది.

ఆ సంబరంలో నేను మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టి, నవ్వులపాలయ్యాను. అబీ-లే రోజూ మాకు ఉప్పూ వెన్నా వేసిన టీ పోస్తూ “సోల్‌జా దోన్-లే” అనేది. అంటే ‘టీ పుచ్చుకోండి’. నేనూ ఓ రోజు దర్జాగా “ఙ సోల్‌జా దోన్...” అన్నాను. పిల్ల పడీపడీ నవ్వింది. సోల్‌జా అంటే ఎదుటివాళ్ళు తాగే టీ, మన టీ వట్టి ‘చా’. దోన్ అంటే ‘ఆరగించడం’, మనం చేసేది ‘థుఙ్’, అంటే తాగడం. నేనన్నది “నేను తమరి తేనీరు ఆరగిస్తున్నాను” అన్నట్టుందిట. పెద్దవాళ్ళకి ఒక క్రియ, మనకి ఒక క్రియ. “విచ్చేశాను, దయచేశాను” అని మనం మన గురించి చెప్పుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంతకీ నేను చెప్పదలుచుకున్న సంగతి ఆ పిల్ల హోంవర్కు దగ్గర జరిగింది. బళ్ళో ఆ భాషని ‘భోటి’ అనే పేరుతో ఒక పాఠంగా చెబుతారు. ఆ సాయంత్రం పిల్ల అంకెల పేర్లు వర్ణక్రమంతో సహా వల్లె వేస్తోంది. ‘ఎనిమిది’ రాయాలంటే ముందు బ, తర్వాత ర, దాని కింద గ, దాని కింద య, పక్కన ద. “ఇన్ని అక్షరాలు ఎందుకు ఆంటీ-లే? మా మాస్టారు లాసా వాళ్ళలాగా పలకమంటారు. అలా అయితే వట్టి ‘గ్యే’. మిగతావన్నీ దండగేగా!” అని విసుక్కుంది.

సరిగ్గా అప్పుడు అబీ-లే గుమ్మంలో ఆరబెట్టిన ఆప్రికాట్లు లెక్కపెడుతోంది. “చిక్, ఞిస్, సుమ్...” అంటూ మొదలుపెట్టి ఎనిమిది దగ్గర “ర్గ్యత్” అంది. నేను పిల్ల మొహంలోకి చూశాను. పిల్ల పుస్తకంలోకి చూసింది. ర, గ, య, ద, అన్నీ అవ్వ నోట్లో ఉన్నాయి! ‘ద’ కొంచెం గట్టిపడి ‘త’ అయింది, ‘బ’ ఒక్కటి జారిపోయింది. రెండుకి ‘ఞిస్’ అందావిడ. రాతలో చివర ‘స’ ఉంది. లాసాలో ఆ ‘స’ పోయి వట్టి ‘ఞీ’ మిగిలింది. వెయ్యిని లాసాలో ‘తోఙ్’ అంటే ఆవిడ ‘స్తోఙ్’ అంటుంది, రాసినట్టే. భాషని వాళ్ళు ‘కే’ అంటే ఆవిడ ‘స్కత్’ అంటుంది. ఒక్క అక్షరం చదవడం రాని మనిషి, వెయ్యేళ్ళ పైబడిన వర్ణక్రమాన్ని నోటితో చదివేస్తోంది.

సంగతేమిటంటే, ఆ రాత ఏర్పడిన నాడు టిబెట్టులో మాట కూడా దాదాపు రాసినట్టే ఉండేది. తొమ్మిదో శతాబ్దం మొదట్లో వర్ణక్రమాన్ని స్థిరపరిచారు. తర్వాత లాసా వైపు మాట మారుతూ వచ్చింది. ముందున్న హల్లులు రాలిపోయాయి, చివరివీ రాలిపోయాయి. ఆ పోయిన అక్షరాల జాడ గొంతు ఎత్తడంలోనూ దించడంలోనూ మిగిలింది. లాసాకి వెయ్యి కిలోమీటర్లకు పైగా పడమరనున్న లదాఖ్ దాకా ఆ మార్పు పూర్తిగా రాలేదు. ఇలాంటిది మనకీ తెలుసు. పుట్టింట్లో అందరూ మరిచిపోయిన పాత మాట, దూరం కాపురానికి వెళ్ళిన మేనత్త నోట్లో భద్రంగా ఉంటుంది కదూ!

లదాఖ్ అంతా ఒకే మాట అనుకోకండి. ‘స్కత్’ అంటే భాష కనక లేహ్ మాట లేహ్-స్కత్. దిగువన వాయవ్యంగా ఉన్న షామ్ ప్రాంతానిది షామ్-స్కత్. సింధు నది ఎగువన ఉన్నవాళ్ళది స్తోత్-స్కత్. అక్కడికి వెళ్ళేసరికి హల్లులు తగ్గి, లాసాలోలా గొంతు ఎత్తుపల్లాలు మొదలవుతాయి. నుబ్రా లోయది ఒక యాస, జాంస్కార్‌ది మరొకటి. పడమటి వైపు కార్గిల్‌లో పుర్గి, దాన్ని దాటితే బాల్తీ. పడమరకి పోయినకొద్దీ పాత అక్షరాలు ఇంకా గట్టిగా పలుకుతాయి. తోడేలుని లేహ్‌లో ‘షంకు’ అంటారు. కార్గిల్, బాల్తిస్తాన్ వైపు ‘స్ప్యంకు’. పుస్తకంలో ఉన్నది ఆ స, ప, య లే.

ఇందులో ఒక విచిత్రం ఉంది. పుర్గి, బాల్తీ మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది ముస్లిములు. వాళ్ళ పూర్వులు కొన్ని శతాబ్దాల క్రితమే మతం మారారు, లిపి కూడా మారి పారసీ అక్షరాలు అయింది. బౌద్ధ గ్రంథాల వర్ణక్రమం అందరికన్నా నిక్కచ్చిగా నిలిచింది, ఆ గ్రంథాలతో సంబంధం లేని ఇళ్ళలో! భాషకి మతం లేదని ఉపన్యాసాల్లో విన్నాను గాని, తోడేలు పేరులో చూడటం అదే మొదటిసారి.

అసలు ఆ రెండు ఇళ్ళకీ వియ్యం కూడా ఉంది. సుమారు 400 ఏళ్ళ క్రితం లదాఖ్ రాజు జమ్‌యాంగ్ నంగ్యాల్ బాల్తీ రాజు అలీ మీర్‌తో యుద్ధానికి వెళ్ళి ఓడి బందీ అయ్యాడు. చివరికి ఆ రాజు కూతురు గ్యల్ ఖాతూన్‌ని పెళ్ళాడి ఇంటికొచ్చాడు. ముస్లిం రాకుమారి బౌద్ధ రాజ్యానికి రాణి అయింది. అక్కడివాళ్ళు ఆవిడని శ్వేతతార అవతారమని కొలిచారు. లేహ్ ఊరి పైన తొమ్మిది అంతస్తుల కోట కట్టించిన సెంగే నంగ్యాల్ ఆవిడ కొడుకే. ఆ కోట కింద నించున్నప్పుడు నాకు రాజు గుర్తు రాలేదు. ఆ పిల్లవాడికి తల్లి ఏ మాటలతో జోలపాడి ఉంటుందా అనుకున్నాను. ‘షంకు’ అనా, ‘స్ప్యంకు’ అనా?

ఆ వియ్యాన్ని 1947, 48 నాటి యుద్ధం తెంచేసింది. అంతకుముందు జిల్లాకి లేహ్, స్కర్దూ రెండూ ముఖ్యపట్టణాలే. యుద్ధం తర్వాత స్కర్దూ ఆవలికి పోయింది. 1971 డిసెంబరులో తుర్తుక్ మొదలైన నాలుగు బాల్తీ ఊళ్ళు ఇవతలికి వచ్చాయి. అన్న అక్కడ, చెల్లెలు ఇక్కడ. ఒకే మాట, మధ్యలో గీత.

ఇంత ప్రాచీనమైన మాటకి సొంత ఊళ్ళో ఎంత గౌరవం ఉండాలి! ఉన్న గౌరవం ఇదీ. గ్రంథాల భాష ‘ఛోస్-స్కత్’, అంటే ధర్మభాష. ఇళ్ళలో మాట్లాడేది ‘ఫల్-స్కత్’, అంటే మామూలు మాట. మొదటిది రాయడానికి, రెండోది వంటింటికి. ఇంట్లో మాటని కాగితం మీద పెట్టడమంటే పెద్దలకి తప్పుగా తోచేది.

ఆ తప్పు మొదట చేసినవాళ్ళు పైవాళ్ళే. మొరేవియన్ మిషన్ మతబోధకులు 1885లో లేహ్‌లో స్థిరపడ్డారు. వాళ్ళలో ఒకరైన ఏ. హెచ్. ఫ్రాంకె అనే జర్మను పండితుడు కేసర్ వీరగాథనీ, పెళ్ళిపాటల్నీ జానపదుల నోటినుంచి రాసుకున్నాడు. 1904లో ‘లదాఖ్ అఖ్బార్’ అనే పత్రిక కూడా పెట్టాడు. కాని అదే మిషన్ బైబిలు అనువదించవలసి వచ్చినప్పుడు ఇంటి మాటని కాక పుస్తక భాషనే ఎంచుకుంది. దూరాన ఉన్నవాళ్ళందరూ చదవాలంటే మరి దారి లేదనుకున్నారు. లదాఖీ పండితుడు యోసెబ్ గెర్గన్ ఏళ్ళ తరబడి పనిచేసిన ఆ అనువాదం 1948లో లాహోర్‌లో అచ్చయింది. 1950ల మొదట్లో ఎలియా త్సెతన్ ఫుంత్సోగ్ అనే లదాఖీ క్రైస్తవుడు మాట్లాడేదానికి దగ్గరగా వర్ణక్రమాన్ని తేలిక చేద్దామన్నాడు. పెద్దలు ఒప్పుకోలేదు. అక్షరం మార్చితే ధర్మానికి దెబ్బ అన్నారు.

ఇది వింటూంటే మీకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొస్తున్నారు కదూ? నాకూ వచ్చారు. కాని ఆ పెద్దలది వట్టి ఛాందసం అనేయడానికి నా మనసు ఒప్పలేదు. లదాఖ్ మనిషి, లాసా మనిషి, తూర్పున ఖామ్ మనిషి, ఈశాన్యాన ఆమ్దో మనిషి ఎదురుపడి మాట్లాడుకుంటే సగం అర్థం కాకపోవచ్చు. నలుగురూ చదివే పుస్తకం మాత్రం ఒకటే. ఎవరి మాట వాళ్ళు రాసుకుంటే ఆ ఒక్క దారమూ తెగుతుందని భయం. భయం నిజమే. అయితే ఆ దారం పట్టుకునే చెయ్యి ఎవరిది? మఠంలో చదువుకున్నవాళ్ళది. అబీ-లే చేతికి అందలేదు.

ఈ తగువులో పిల్లల చదువు మూడో ఇంటికి పోయింది. బళ్ళో ఉర్దూ, పై తరగతులకి రాగానే ఇంగ్లీషు. ఇంట్లో మాట్లాడేది రెండూ కాదు. 1990ల దాకా పదో తరగతి పరీక్షకి వెళ్ళిన సర్కారు బళ్ళ పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా తప్పేవారు. పిల్లల బుర్రలదే లోపమనుకునేవారు. 1952లో కుశోక్ బకులా రింపోచే శ్రీనగర్ శాసనసభలో లేచి తన భాషలోనే మాట్లాడితే సభ తెల్లబోయిందిట. 1971లో లేహ్‌లో ఆకాశవాణి వచ్చి ఇంటి మాటని గాలిలోకి ఎక్కించింది. 1988లో కొందరు కుర్రాళ్ళు ‘సెక్‌మోల్’ అనే సంఘం పెట్టి, పిల్లలకి తెలిసిన సంగతులతో, తెలిసిన మాటలతో చదువు చెప్పాలని ఊరూరూ తిరిగారు.

ఇవన్నీ చరిత్ర. అబీ-లే చెప్పింది మాత్రం ఏ చరిత్రలోనూ ఉండదు.

ఆవిడ భర్త సైన్యంలో పనిచేశాడు. ఏడాదికోసారి వచ్చేవాడు. మధ్యలో ఉత్తరాలు. ఆయనకి వచ్చిన చదువు ఉర్దూ, అదీ కొద్దిగా. అందుకని తోటి సిపాయి రాసిపెట్టేవాడు. ఇక్కడ బజారులో ఒక దుకాణదారు చదివి, ఆవిడకి లదాఖీలో చెప్పేవాడు. “క్షేమమని తెలిసేది. డబ్బు ఎంత పంపాడో తెలిసేది. ఆయన మాట మాత్రం ఒక్కటీ ఉండేది కాదు” అంది అబీ-లే. ఆయన పోయాక ఆ ఉత్తరాలు చెక్కపెట్టెలో దాచుకుంది. ఇప్పటికీ తీసి చూసుకుంటుంది. “అవి ఆయన రాసినవి కావు, నేను చదవగలిగినవీ కావు. అయినా నావే” అని పిల్లచేత నాకు చెప్పించింది. ఆ పిల్ల చెబుతూ చెబుతూ ఆగిపోయింది. తనకీ ఆ సంగతి తెలియడం అదే మొదలు.

వచ్చేసే ముందురోజు నేను పులిహోర చేసి పట్టుకెళ్ళాను. ఆవిడ చూసి “దస్!” అంది సంతోషంగా. దస్ అంటే బియ్యం, అన్నం. పుస్తకంలో అది బ, ర, స లతో ఉంది. కార్గిల్ వైపు నేటికీ ‘బ్రస్’ అంటారు. లాసాలో ‘డ్రే’. పక్కనే ఉన్న తమ్ముడు అప్పుడొక మాట చెప్పాడు. లాసా దగ్గరి డ్రేపుంగ్ మఠం పేరుకి అర్థం బియ్యపు రాశిట. అది మన ధాన్యకటకం పేరుకి వాళ్ళు చేసుకున్న అనువాదం! బుద్ధుడు కాలచక్రాన్ని మొదట బోధించింది అక్కడేనని వాళ్ళ నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్రం జరిపినప్పుడు అబీ-లే కూడా వచ్చిందని అప్పుడు బయటపడింది. “జనవరిలో అంత ఎండేమిటి నోమో-లే! ఆ కూరల్లో ఆ కారమేమిటి!” అంది. నోమో అంటే చెల్లెలు. రెండు నెలలకి నాకు దక్కిన బిరుదు అది.

2019 అక్టోబరు 31న లదాఖ్ కేంద్రపాలిత ప్రాంతం అయింది. 2025 జూన్‌లో ఇంగ్లీషు, హిందీ, ఉర్దూలతో పాటు భోటి, పుర్గి కూడా అక్కడ అధికార భాషలయ్యాయి. ఆ వార్త చదివి సంతోషించాను. మళ్ళీ చదివితే, ప్రోత్సహించవలసిన స్థానిక భాషల వరసలో లదాఖీ, బాల్తీ పేర్లు విడిగా ఉన్నాయి. పుస్తక భాషకి పీట, ఇంటి మాటకి ఆశీర్వచనం అన్నమాట! పీట వేయడం సర్కారు పని. ఆ మాట పిల్లల నోట్లో ఉండటం మాత్రం ఇంట్లోవాళ్ళ పని.

అందుకే ఆ మధ్య వచ్చిన కవరు విప్పి చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ మనవరాలు ఇప్పుడు కాలేజీలో ఉంది. లోపల ఒక కాగితం మీద భోటి అక్షరాల్లో నాలుగు వరసలు. కింద హిందీలో ఇలా రాసింది: “అబీ-లే చెప్పింది చెప్పినట్టు రాశాను. మాస్టారు చూస్తే తప్పులంటారు. ఇది మా ఇంట్లో మొదటి ఉత్తరం.”

నాకు ఆ లిపి చదవడం రాదు. మొదటి అక్షరం మాత్రం గుర్తుపట్టాను. ఙ.